వట్టికాళ్ళ ప్రవళిక చీకటి పరుగు

రెండువేల ఇరవై అయిదు నవంబర్ ఎనిమిది, శనివారం. మామిడిలొద్ది చీకటి పరుగు, పద్దెనిమిది కిలోమీటర్లు. ఆడవాళ్ళలో మొదటి నంబర్ ప్రవళిక, తండ్రి బుచ్చిరాములు, మందమర్రి. పట్టిన టైము గంటా నలబై ఎనిమిది నిమిషాలు. కాళ్ళకు బూటు లేదు, చెప్పు లేదు, మేజోడు గూడ లేదు. పెద్ద పోటీలలో ఆమెకు ఇదే మొదటి గెలుపు. ఉరికి గెలిచేటందుకు గంటా నలబై ఎనిమిది నిమిషాలు పట్టింది గానీ, గెలిచినట్టు కాయితం మీద రాయించేటందుకు అంతకంటే ఎక్కువ పట్టింది. ఆ ముచ్చట మన కాలనీలో ఒక్కొక్కరు ఒక్కో తీరుగ చెప్తున్నరు. నేను ఆమె పెదబాపును. ఆ రాత్రి అక్కడ ఉన్నోణ్ణి. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

ప్రవళిక నా తమ్ముని పెద్ద బిడ్డ. పుట్టింది తొంబై ఎనిమిది సెప్టెంబర్‌లో. అయిదో తరగతిలో పంద్రాగస్టు నాడు గోనెసంచి పరుగులో రెండో బహుమతి, స్టీలు గ్లాసు. ఆ గ్లాసులో నేను ఇప్పటికీ చాయ తాగుత. తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడేటందుకు కరీంనగర్ దాకా పోయింది, సర్టిఫికెట్ ఉన్నది. పదో తరగతిలో బడికి రెండో ర్యాంకు. ఏది చూసినా రెండోదే. "మొదటిది ఎవరికి దాచి పెట్టినవే?" అని మా ఇంటామె నాగవ్వ నవ్వేది.

రెండువేల పందొమ్మిదిలో నా తమ్ముడు మెడికల్ అన్‌ఫిట్ అయిండు, బాయి పనికి ఒళ్ళు సరిపోదని డాక్టర్లు రాసిన్రు. మరుసటేడు, కంపెనీ రూలు ప్రకారం, ఆ ఉద్యోగం బిడ్డకు వచ్చింది. ఆమెను బాయి మీద ల్యాంప్ రూంలో వేసిన్రు. బొగ్గుబాయి ఎరుగనోళ్ళ కోసం జర చెప్పాలె. బాయి దిగే మనిషి తన నంబరున్న టోకెన్ కిటికీలో ఇస్తడు, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటడు. ఎక్కి వచ్చినంక దీపం ఇస్తడు, టోకెన్ వాపసు తీసుకుంటడు. షిఫ్టు అయిపోయినంక బోర్డు మీద ఒక్క టోకెన్ మిగిలినా, ఒక మనిషి ఇంకా భూమి లోపలనే ఉన్నట్టు లెక్క. అందుకని టోకెన్ పెట్టనిది దీపం చేతికియ్యరు, అడిగేది మేనేజర్ అయినా సరే. ప్రవళిక ఆ కిటికీ దగ్గర రోజుకు వందల మందికి దీపాలు ఇస్తది. అయిదేండ్లలో ఆమె చేతి మీద ఒక్క టోకెన్ పోలే, ఒక్క దీపం తారుమారు కాలే. ఆఫీసర్లు పేరు పెట్టి మెచ్చుకున్నరు, రెండుసార్లు.

ఎనిమిది గంటలు గట్టి బూట్లలో నిలబడి ఇంటికి వస్తే, గడప కాడ బూట్లు విడిచి, మాపటి దాకా వట్టి కాళ్ళతోనే తిరిగేది. ఉరుకుడు ఎట్ల మొదలైందంటే, మా దూడ వల్ల. రెండువేల ఇరవై ఒకటి చలికాలం, పొద్దు గూకినంక మా దూడ తాడు తెంపుకొని క్వార్టర్ల ఎనుక నీలగిరి తోటలోకి ఉరికింది. ప్రవళిక చేతిలో ఉన్న చాట అక్కడనే పడేసి దాని ఎంబడి పోయింది. నేను టార్చి లైటు ఎతుక్కొని బయటికి వచ్చేసరికి ఇద్దరూ కనవడలే. అర్ధగంటకు దూడ మెడ పట్టుకొని తీస్కచ్చింది. నాగవ్వ లాంతరు ఎత్తి చూసి, "ఏమయ్యా, దూడ రొప్పుతున్నది, పిల్ల రొప్పుతలేదు!" అన్నది.

"పెదబాపు, చీకట్ల ఉరికితే మస్తుగున్నదే," అన్నది ప్రవళిక. "నేల చల్లగ ఉన్నది. ఏడ మెత్త, ఏడ గట్టి, కాలుకు తెలుస్తున్నది."

మర్నాడు మళ్ళీ పోయింది. ఆ మర్నాడూ పోయింది. నీలగిరి తోట నడుమ బండ్ల బాట, అది దాటినంక గుట్ట అంచు పట్టుకొని కాలిబాట, మొత్తం కలిపి ఆరు కిలోమీటర్లు. నేను ముప్పై నాలుగేండ్లు బాయిలో పనిచేసినోణ్ణి, చీకటి సంగతి నాకు ఎరికే. ఒక్కటే చెప్పిన: "ముందుగాల్ల అయిదు నిమిషాలు దీపం లేకుంట నిలబడు బిడ్డా. కండ్లు చీకటికి అలవాటు పడనియ్. గబుక్కున అడుగు వెయ్యకు, అడుగు పెట్టి చూసి బరువు వెయ్యి." అది ఆమెకు రెండు రోజులలో వచ్చింది. నాకు కొత్తల్లో ఆర్నెల్లు పట్టింది.

కాలనీలో మాటలు రాకుండ ఉంటయా? "ఆడపిల్ల, చీకటి, అడవి" అని మూడు ముక్కలు కలిపి మూడు వారాలు మాట్లాడిన్రు. నేను సైకిల్ మీద ఎంబడి పోవుడు మొదలు పెట్టిన. నెల రోజులకు సైకిల్ ఎనుకబడ్డది. రెండు నెలలకు నేను బాట మొదట్ల రాయి మీద కూసొని గడియారం చూసుడే పని. నాగవ్వ పని ఇంకా పెద్దది. రాత్రి అన్నం తిన్నంక పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని, పిన్నీసుతో తుమ్మ ముండ్లు తీసి పసుపు అద్దేది. "ఇయ్యాల మూడే," అనేది, లెక్కబెట్టి. ఏడాది తిరిగేసరికి ముల్లు దిగుడు బందయింది. అరికాలు తోలు సంచి తీరుగ అయింది.

పోటీల సంగతి రాస్త. రెండువేల ఇరవై మూడు, కరీంనగర్, పది కిలోమీటర్లు. బూట్లు లేనిది పేరు రాసుకునేదే లేదన్నరు, అడుక్కొని వేరేవాళ్ళవి తొడిగింది. ఏడో కిలోమీటర్ కాడ మడమలు పగిలి కూలబడ్డది. ఇరవై నాలుగు, వట్టికాళ్ళతోనే, తారు రోడ్డు మీద, పదకొండో నంబర్. ఇరవై అయిదు జనవరి, మట్టి బాట, నాలుగో నంబర్. ఆ తర్వాత ఈ మామిడిలొద్ది.

మామిడిలొద్ది అడవి అంచున గుట్టల నడుమ చిన్న గూడెం. కరీంనగర్ నుంచి ఒక ఉరికేటోళ్ళ సంఘం వచ్చి ఈ పోటీ పెట్టింది. ఆడవాళ్ళలో మొదటి నంబర్ వచ్చినామెకు ఉత్తరాఖండ్ కొండలలో నలబై రోజుల శిక్షణ. సీటు ఒక్కటే. ఇరవై ఎనిమిది నిండనోళ్ళకే. ప్రవళికకు అప్పటికి ఇరవై ఏడు దాటి రెండు నెలలు. వచ్చే ఏడు పోటీ నాటికి వయసు దాటిపోతది. అంటే ఆ రాత్రి గెలిస్తే కొండలు, లేకుంటే లేదు. ఈ సంగతి ఆమె ఎవరితో అనలే గానీ, వారం ముందు నుంచి అన్నం సగమే తిన్నది.

ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి ఒక వాన కొట్టింది. బాటలు కడిగినట్టు అయినయి. ఆరుంబావుకు అందరినీ నిలబెట్టిన్రు. మగవాళ్ళు నలబై ఒకరు, ఆడవాళ్ళు ఇరవై ఇద్దరు. పున్నమి పోయి మూడు రోజులు, చంద్రుడు ఇంకా రాలే. సంఘం సెక్రటరీ నిరంజన్ సార్, కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం, మంచి మనిషే గానీ కాయితం మనిషి. ఆయన ప్రవళిక కాళ్ళ దిక్కు చూసిండు.

"అమ్మా, బూట్లు బస్సుల మరిచిపోయినవా?"

"లేదు సార్, ఇంట్ల పెట్టచ్చిన."

"ముల్లు గుచ్చితే?"

"తీసేసుకొని ఉరుకుత సార్."

"రాసిస్తవా?"

రాసిచ్చింది. నుదుటికి దీపం, కాలి మడమ పైన ఒక బ్యాండ్ అందరికీ తప్పనిసరి. బ్యాండ్‌లో నంబర్ ఉంటదట, గీత దాటంగనే మిషన్ కీచుమని కూసి టైము రాసుకుంటదట. దీపం వెలగకుండ వస్తే లెక్కలోకి రాదు. బాట ఒక చుట్టు: గూడెంలో మొదలై, గుట్ట ఎక్కి, పన్నెండో కిలోమీటర్ కాడ ఒక టేబుల్, పదిహేనో కిలోమీటర్ కాడ వాగు దాటుడు, మళ్ళీ గూడెం. టేబుల్ కాడ, వాగు కాడ గూడ ఒక్కొక్క మిషన్ పెట్టిన్రు.

ఈల ఊదిన్రు. దీపాలు మిణుగురుల దండు తీరుగ గుట్ట మీదికి పోయినయి. నేను గీత కాడ నిలబడ్డ.

ఎనిమిది కొట్టి మూడు నిమిషాలకు ప్రవళిక వచ్చింది. నడుము దాకా బురద, మొఖం నిండ నవ్వు. నేను "వచ్చె! వచ్చె!" అని అరిచిన. కానీ మిషన్ కూయలే. అదే గీత మీదికి, మా వాళ్ళ ఎనుక విడిచిన అయిదు కిలోమీటర్ల వాళ్ళు, పది కిలోమీటర్ల వాళ్ళు గూడ వస్తున్నరు, ఎవరు ఎవరో తెలుస్తలేదు. ఆమె పది కిలోమీటర్లదని అనుకున్నరు. ఒక అరటిపండు ఇచ్చి పక్కకు జరగమన్నరు. అయిదు నిమిషాలకు కైనాత్ వచ్చింది. కరీంనగర్ డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే మేడం, అంతకు ముందు రెండు పోటీలు గెలిచింది. మిషన్ కీచుమన్నది. చప్పట్లు కొట్టిన్రు. "ఆడవాళ్ళలో ఫస్ట్!" అని మైకులో చెప్పిన్రు.

నేను నిరంజన్ సార్ దగ్గరికి పోయిన. ఆయన కాయితం చూసి, "పెద్దాయనా, ప్రవళిక రాలేదు. పన్నెండో కిలోమీటర్ తర్వాత లెక్క లేదు. కాయితం ప్రకారం ఇంకా అడవిలనే ఉన్నది, మనుషులను పంపుతున్నం," అన్నడు.

"మరి గీమె ఎవ్వలు సార్? మీ ఎదురుంగ నిలబడి అరటిపండు తింటున్నది!"

సార్ ఆమె దిక్కు చూసిండు, కాయితం దిక్కు చూసిండు, మళ్ళీ ఆమె దిక్కు చూసిండు. "బ్యాండ్ ఏదమ్మా?"

ప్రవళిక వంగి కాలు చూసుకున్నది. అరటిపండు చేతిలోనే ఆగిపోయింది.

"పెదబాపు," అన్నది మెల్లగ. "టోకెన్ పెట్టినట్టున్ననే."

జరిగింది ఇది. పన్నెండో కిలోమీటర్ కాడ ఆమె దీపం మసకబారింది. టేబుల్ మీద వేరే దీపాలు వరుసగ పెట్టి ఉన్నయి, ఎవరిది మసకబారితే వాళ్ళకు మార్చి ఇచ్చేటందుకు. టేబుల్ కాడ ఉన్నామె కొత్త దీపం చెయ్యి చాపి ఇచ్చింది. ప్రవళిక వంగి, బ్యాండ్ ఊడదీసి, ఆమె చేతిలో పెట్టి, దీపం తీసుకొని ఉరికింది. మనసు లేదు అందులో, చెయ్యే చేసింది. దీపం తీసుకుంటే నంబర్ పెట్టాలె గదా! అయిదేండ్ల నుంచి రోజుకు వందల సార్లు చూసే పని. ఆ టేబుల్ కాడి ఆమెకు ఇది ఎరుక లేదు. ఏదో ఊడిపోయిందేమో అనుకొని డబ్బాలో వేసి, తర్వాతి మనిషికి నీళ్ళు ఇచ్చింది.

నిరంజన్ సార్‌కు టోకెన్ అంటే ఏందో చెప్పేసరికి నాకు పావుగంట పట్టింది. ఆయన నవ్విండు, అంతలోనే నవ్వు ఆపిండు. "చూడు పెద్దాయనా, నేను నమ్ముత. కానీ నా నమ్మకం ఎవరికి గావాలె? వాగు కాడ మిషన్ ఆమెను పట్టలే. టేబుల్ కాడి నుంచి పొలాల మీద అడ్డం పడి వస్తే, వాగు ముట్టకుంటనే గూడెం వస్తది, రెండు కిలోమీటర్లు తక్కువయితది. అట్ల రాలేదని ఏంది గ్యారంటీ?"

"మా పిల్ల అడ్డం పడదు సార్."

"ఎవరి పెదబాపు అయినా అదే అంటడు."

ప్రవళిక రెండు చేతులు నడుము మీద పెట్టుకొని నేల దిక్కు చూసుకుంట నిలబడ్డది. నా కండ్లలో నీళ్ళు తిరిగినయి గానీ, బయటికి రానియ్యలే.

అప్పుడు కైనాత్ మేడం మెడలో వేసిన దండ తీసి కుర్చీ మీద పెట్టింది. "జర ఆగున్రి నిరంజన్ భాయ్. గుట్ట దిగినంక నా ముందర ఒక దీపం పోయింది. నేను దానిని చూసుకుంటనే ఉరికిన. ఆమె అయి ఉంటది."

"మొఖం చూసినవా?"

"ఈపు చూసిన. ఈపుకు పేరు రాసి ఉంటదా?" అన్నది. తర్వాత, "మన రూల్ బుక్కుల ఏమున్నది? చదువున్రి," అన్నది.

సార్ చదివిండు. బ్యాండ్ పోయినా, దారి మొత్తం ఉరికినట్టు గట్టి సాక్ష్యం ఉంటే పెద్దలు లెక్కలోకి తీసుకోవచ్చట.

ఎనుక నుంచి పర్శరాములు ముందుకు వచ్చిండు. ఆ గూడెంలో మేకలు కాస్తడు, సంఘం వాళ్ళకు బాట చూపించింది ఆయననే. తలకు తువ్వాల, చేతిల కర్ర. "సాక్ష్యం వాగు ఒడ్డున పడి ఉన్నది గదా సార్," అన్నడు. "నాలుగింటి వానకు ఒడ్డు పలక తీరుగ అయింది. దాని మీద ఎవ్వలు పోయినా రాసి ఉంటది. బూట్లు లేని కాలు ఒక్కటేనాయె. పొయ్యి చూడుండ్రి."

జీపు మీద వాగు దాకా పోయినం. సార్, నేను, ప్రవళిక, కైనాత్ మేడం, పర్శరాములు. సార్ టార్చి పైనుంచి కొట్టిండు. ఏమీ కనవడలే, అంతా ఒకటే బురద.

"అట్ల గాదు సార్. కింద పెట్టు, పక్క నుంచి కొట్టు," అన్నడు పర్శరాములు. టార్చి నేలకు ఆనిచ్చి అడ్డం పెట్టంగనే ఒడ్డు మొత్తం లేచి నిలబడ్డది. బూట్ల గుర్తులు, గీతలవి, చుక్కలవి, చెక్కలవి. వాటి నడుమ, నీళ్ళ దిక్కు పోతున్న అయిదు వేళ్ళ అడుగు. ఒకటి గాదు, వరుసగ.

నిరంజన్ సార్ కాయితం మనిషి అన్న గదా. "ఊరోళ్ళు గూడ చెప్పులు లేకుండ నడుస్తరు," అన్నడు.

"నడిస్తే మడమ దిగుతది సార్. గిది చూడు, వేళ్ళ కాడ దిగింది, మడమ తాకలేదు. అడుగుకూ అడుగుకూ ఎంత ఎడమున్నదో చూడు. మా ఊరోళ్ళు గింత బారలు వేసుకుంట ఏడికి పోతరు, పెండ్లికా?" అన్నడు పర్శరాములు. "అమ్మా, నీ కాలు ఇటు పెట్టు."

ప్రవళిక ఆ అడుగు పక్కన కాలు పెట్టి తీసింది. ఆమె చిటికెన వేలు గట్టి బూట్లలో నలిగి పక్క వేలు మీదికి ఎక్కి ఉంటది. కొత్త అడుగులో చిటికెన వేలు సగమే పడ్డది. పాత అడుగులోనూ సగమే.

"కాలు ఈమెదే," అన్నడు సార్, ఈసారి జర మెత్తగ. "కానీ కైనాత్ కంటే ముందు పోయిందని ఎట్ల?"

పర్శరాములు కర్రతోటి ఒక్క చోట చూపించిండు. నీళ్ళ అంచుకు మూరెడు దూరంలో వట్టికాలు అడుగు, దాని మీద సగం దాకా బూటు గుర్తు, నడుమ చుక్కలది. బొటనవేలు గుర్తును బూటు చిదిమేసింది.

"మీద పడ్డది ఎనుక వచ్చినట్టు, కింద ఉన్నది ముందు పోయినట్టు. దీనికి చదువు గావాల్నా సార్?"

కైనాత్ మేడం ఒక కాలు మీద నిలబడి, నా భుజం పట్టుకొని, రెండో కాలు ఎత్తి బూటు అడుగు భాగం టార్చి ఎదురుంగ పెట్టింది. చుక్కలు. వరుసకు ఏడు. నేలలోనూ ఏడు.

"చాచా, నా బూటే," అన్నది. "మీ పిల్ల కాలు తొక్కిన, మాఫ్ చెయ్యిన్రి."

ప్రవళిక గట్టిగ నవ్వింది. అట్ల నవ్వంగ నేను దూడ తప్పించుకున్న రాత్రి నుంచి చూడలే. నిరంజన్ సార్ ఫోనులో ఆ అడుగులు అన్ని దిక్కుల నుంచి ఫోటోలు తీసిండు. టేబుల్ కాడి డబ్బాలో బ్యాండ్ దొరికింది. గీత దాటిన వీడియోలో టైము ఉన్నది, గంటా నలబై ఎనిమిది. పది దాటి ఇరవై నిమిషాలకు మైకులో రెండోసారి చెప్పిన్రు. దండ కైనాత్ మేడమే తెచ్చి వేసింది. "వచ్చే సారి దీపం మార్చుకుంటే జర ఆలోచించు తల్లీ," అని చెవి పట్టి తిప్పింది. పర్శరాములుకు చప్పట్లు కొట్టిన్రు. ఆయన అప్పటికే మేకల కొట్టం దిక్కు పోయిండు.

నాగవ్వకు ఫోను చేస్తే, "మొదటిదా? మళ్ళ చెప్పు," అని నాలుగుసార్లు చెప్పించుకున్నది. తర్వాత, "కాళ్ళకు ఏమన్న గుచ్చుకున్నదా?" అన్నది. తమ్ముడు బుచ్చిరాములు ఫోను తీసుకొని, టైము ఎంత పట్టిందో రెండుసార్లు అడిగిండు.

సీటు ఖాయమైంది. బాయి మీద సెలవు మంజూరు చేసిన్రు. ల్యాంప్ రూం కిటికీ దగ్గర మొదటి షిఫ్టు వాళ్ళు స్వీట్లు పంచి, "మా దీపాలు ఎవ్వలు ఇస్తరు బిడ్డా?" అని గులిగిన్రు. జనవరి ముప్పై నాడు రైలెక్కింది. ఫిబ్రవరి రెండు నుంచి శిక్షణ. మంచు మీద మాత్రం బూట్లు వేసుకొమ్మన్నరట, మిగతా బాటలో ఆమె ఇష్టం. మొదటి వారంలో పద్నాలుగు కిలోమీటర్ల కొండబాట, ఆడవాళ్ళలో రెండో నంబర్. రెండో వారం, అదే బాట, చీకటి పడ్డంక, మొదటి నంబర్. అక్కడి కోచ్ ఆమె అరికాలు ఫోటో తీసి మిగతా పిల్లలకు చూపించిండట. మొన్న ఫోనులో చెప్పింది: "పెదబాపు, ఇక్కడి నేల మన దానికంటే గట్టి. కానీ చీకటి ఒక్కటే తీరు." నాగవ్వ పసుపు పొట్లం పంపుతనని కూసున్నది, పోస్టులో పొయ్యేది గాదని నేను అంటున్న.

శిక్షణ అయిపోయేది మార్చి పదమూడు. అక్కడి నుంచి ఢిల్లీకి బస్సు, ఢిల్లీ నుంచి రైలు. ప్రవళిక మంచిర్యాల స్టేషన్‌లో దిగేది రెండువేల ఇరవై ఆరు, మార్చి పదిహేను, ఆదివారం.